డాక్టరమ్మ ఆడాల్నా, వద్దా

అక్క: మహిళా దినోత్సవం నాడు కళాభారతిల బెల్లీ డాన్స్ చేస్తనని ఒప్పుకున్నవట. నువ్వు నేర్చుకుంటున్నవని తెలిసినప్పుడు నేనేమనలే. పొద్దంతా పురుళ్ళు, అర్ధరాత్రి ఫోనొస్తే మల్ల లేబర్ రూముకు ఉరుకుడు. ఆ నడుమ ఒక గంట నీకు దొరికితే దొరకనియ్యి అనుకున్న. కాని ఇంట్ల ఆడుడు వేరు, కరీంనగర్ నడిబొడ్డున స్టేజి ఎక్కుడు వేరు. సిగ్గు, శరం అనే మాటలు నా నోట్లెకెల్లి రావు, నన్ను ఎరుగుదువు. నేనడిగేటియి వేరే ఉన్నయి.

చెల్లె: అడుగక్కా. అయితే ఈ ఆట కాడికి నేను ఎట్ల చేరిన్నో ముందుగాల విను. లేకుంటే ఫోన్ల చూసి మురిసిన మోజు అనుకుంటవు. నా కొలువే కడుపు తోని. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడు. మన రాష్ట్రంల నూటికి 60.7 కాన్పులు పెద్దాపరేషన్లే. ప్రైవేటు దవాఖానల్ల అది 80 దాటింది. మన కరీంనగర్ జిల్లాల సర్కారు, ప్రైవేటు అన్నీ కలిపినా 80 దాటింది. ముహూర్తం పెట్టించుకొని వచ్చేటోళ్ళు, బిడ్డ నొప్పులకు ఓర్వదని అడిగే తల్లులు, తమ వీలు చూసుకొని కోసే డాక్టర్లు, అందరూ కలిస్తే ఆ లెక్క అయింది. దాని వెంట పిల్లలు పుట్టకుండ ఆపరేషన్. ఇంకొన్నేండ్లకు గర్భసంచి తీసేసుడు. దేశం మొత్తంల యాభై ఏండ్ల లోపు ఆడోళ్లల్ల అది మూడు శాతం చిల్లరైతే మన దగ్గర ఎనిమిది దాటింది. ఇక్కడి ఆడామె కడుపు మీద అందరూ చెయ్యి వేస్తరు, ఆమె తప్ప. నాకూ రెండు కోతలే. రెండోదాని తర్వాత కడుపు మీది కండరాలు విడిపోయి, ఓటీల గంట నిలబడితే నడుం పట్టేసేది. ఫిజియోథెరపీ చేయించే పిల్ల "లోపలి కండరం బిగబట్టు మేడమ్, ఇగ వదులు" అంటే నాకు చాత కాలే. ఆ పొరలన్నీ పేరు పేరున చెప్త, కండ్లు మూసుకొని కోసి కుడతా. నా ఒంట్ల ఉన్నదాన్ని కదిలించరాలే. దాన్ని వెతుక్కుంట పోతే ఈ నాట్యం దొరికింది.

అక్క: అది నాకు అర్థమైతది. అయితే కండరాల కోసం లైట్లు, మైకులు, ముంగట రెండు వందల మంది ఎందుకు? కసరత్తు గదిల తలుపేసుకొని చేసుకోవచ్చు.

చెల్లె: కసరత్తు ముచ్చట కొన్నాళ్లకే అయిపోయింది. ఆ తర్వాత కూడ ఎందుకు విడవలేదంటే సంతోషం. దాన్ని నేను మందని చెప్పి అమ్ముకోను. నడుంనొప్పికి ఈ ఆట ఆడుమని ఏ పేషెంటుకూ రాసియ్యలే. ఈ నాట్యం పుట్టుకే కాన్పు నొప్పులల్ల ఉన్నదని కొందరు చెప్తరు. నా వృత్తికి ఆ కథ మస్తు కుదురుతది, కాని దానికి ఆధారం లేదు, నేను దాన్ని ఎత్తుకోను.

నాకు దొరికింది ఇంకోటి. ఓటీల నా చెయ్యి వణకొద్దు. కొలువుల చేరిననాటి సంది నా ఒళ్ళు నేర్చిన విద్య అదే. ఈ ఆటల షిమ్మీ అని ఉంటది. మోకాళ్ళు వెంటవెంట ఆడిస్తే పిరుదుల కాడ వణుకు పుట్టి నడుముకు ఎక్కుతది. పైన భుజాలు, మొఖం మాత్రం నెమ్మదిగ ఉండాలె. ఇక్కడ వణుకే విద్య. మక్సూమ్ అని నాలుగు మాత్రల తాళం వస్తది, దుమ్ తక్, తక్ దుమ్, తక్. దర్బుకా మీద దుమ్ పడ్డప్పుడు నడుము బరువుగ దిగుతది, తక్‌కు చురుక్కున లేస్తది. ఒక్క భాగం కదులుతుంటే మిగతా ఒళ్ళు నిలకడగ ఉండాలె, అదే దీని కిటుకు. కథ చెప్పే పని లేదు. దేవుని వేషం లేదు, నాయిక విరహం లేదు. పాట ఎటు పోతే అటు అప్పటికప్పుడు పోవాలె. కూచిపూడి పట్టాలంటే ఏడేండ్లకే అరమండిల కూసోవాలె. నలభై దాటి, కోత గుర్తు, మెత్తటి పొట్ట ఉన్నదాన్ని ఈ ఆట రమ్మన్నది. పొట్ట లోపటికి పీల్చుకోకని నాకు చెప్పిన మొదటి చోటు ఇదే.

అక్క: నువ్వు మురిసిపోయి చెప్తుంటే నాకూ మంచిగనే అనిపిస్తది. ఇగ నేను చూసింది విను. ఎనభైల్ల హేమలతా లవణం నిజామాబాద్ జిల్లా వర్నిల చెల్లి నిలయం నడిపి జోగినీల కోసం పని చేసింది. ఆమెను చూసే నేనూ ఇటు దిక్కు పల్లెలు తిరిగిన. మాదిగ, మాల ఇండ్లల్ల ఈడేరకముందే పిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చేటోళ్ళు. దేవునికి ఇచ్చినమనేటోళ్ళు, ఊరి పెద్దమనుషుల చేతికి పోయేది. జాతరల దేవర ముంగట ఆడాలె. పెద్దింట్ల చావైతే పీనుగ ముంగట ఆడాలె. అలిసిపోయిన అంటే నడువదు. 1988ల దీన్ని ఆపే చట్టం వచ్చింది. ఆ చట్టం గూడేలకు చేరేటందుకు ఇంకెన్ని ఏండ్లు పట్టిందో నాకు తెలుసు. ఆ ఆడోళ్లకు నడుము కదిలిచ్చుడంటే ఒకడు చప్పట్లు కొడితే లేవాలె, ఇంకొకడు చాలంటే ఆగాలె.

ఇయ్యాల్టి ముచ్చట చెప్పు అంటవా? జాతరల రికార్డింగ్ డాన్స్ ఆడే పిల్ల మీద పోలీసులు కేసు పెడతరు. అదే నడుము నువ్వు తిప్పితే డాక్టరమ్మ ధైర్యం అని పేపర్ల రాస్తరు. ఆడినంక నువ్వు కారెక్కి డ్యూటీకి పోతవు. ఆ పిల్ల వ్యాను ఎక్కుతది. ఆ వ్యాను కాడ ఎవరెవరు కాసుక కూసుంటరో నాకన్న నీకే ఎక్కువ తెలుసు, తర్వాత ఆమె వచ్చేది నీ ఓపీకే. నీ ధైర్యం వెనుక నీ డిగ్రీ ఉన్నది, ఇల్లున్నది, కులమున్నది. ఆ ఆసరా లేని ఆడామెకు నీ ఆట ఏం ఇస్తది?

చెల్లె: దీనికి నా కాడ నిండు జవాబు లేదక్కా. నా ఆట తోని ఆ పిల్ల మీద కేసు పోదు. కాని ఒక్కటి అడుగుత. తప్పు చేసింది ఎవరు, శిక్ష పడ్డది దేనికి? మద్రాసుల సదిర్ ఆడే దేవదాసీ ఇండ్ల కళను భరతనాట్యం అని పేరు మార్చి, 1936ల కళాక్షేత్రం పెట్టినంక మర్యాదస్తుల బిడ్డలు నేర్చుకున్నరు. 1947ల దేవదాసీ పద్ధతిని ఆపే చట్టం వచ్చినంక ఆ ఆట పుట్టిన ఇండ్ల ఆడోళ్ళు గజ్జెలు విప్పి పెట్టెల పెట్టుకున్నరు. మన దిక్కు నటరాజ రామకృష్ణ ఇల్లిల్లు తిరిగి ముసలి నర్తకీమణులను బతిమాలి ఆ అడుగులు రాబట్టి, ఆంధ్రనాట్యం అని నిలబెట్టిండు. ఆయన పోకుంటే అది వాళ్ళ తోనే మట్టిల కలిసేది. పాపం ఉన్నది ఊరి పెద్ద ఇంట్ల, అతని భూమిల, అతని అధికారంల. నడుముల ఎక్కడున్నది?

అక్క: భోగం ఇండ్ల కళను, మాదిగ పిల్ల బతుకును ఒక్క గాటన కట్టకు. ఆ ఇండ్లల్ల సంగీతముండె, చదువుండె, కొందరికి మాన్యాలుండె. జోగినికి ఏముండె? ఆమె కాడ కాపాడాల్సిన అడుగులేం లేవు. ఆమెను ఆట నుంచి తప్పించుడే నా పని అయింది.

చెల్లె: సరే, ఆ తేడా నేను మరువద్దు.

అక్క: ఇంకోటి. ఇది ఎక్కడిదో చూసినవా? ఈజిప్టుల మొహమ్మద్ అలీ పాషా 1834ల నర్తకీమణులను కైరో నుంచి వెళ్ళగొట్టి ఎగువ నైలు దిక్కున్న ఎస్నా లాంటి ఊర్లకు పంపిండు. 1893ల చికాగో ప్రదర్శనల అదే ఆటను టికెట్ పెట్టి అమెరికా వాళ్ళకు చూపిచ్చిన్రు. 1926ల బదియా మసబ్నీ కైరోల క్లబ్బు తెరిచి, యూరప్ కాబరేను అందుల కలిపింది. మెరుపుల రవికె, నడుం కిందికి పావడ ఉన్న రెండు ముక్కల బట్ట ఉన్నదే, అది పల్లెల ఆడామె కట్టింది కాదు, స్టేజి కోసం, సినిమా కోసం కుట్టింది. అంటే తెల్లోడు అరబ్బు ఆడామెను ఎట్ల చూడాలనుకున్నడో అట్ల తయారైన బొమ్మ. మన సినిమాలల్ల జ్యోతిలక్ష్మి, జయమాలిని తోని ఆడిపిచ్చినప్పుడు ఆ బొమ్మనే తెచ్చిన్రు. మన గల్లీల పక్కింట్ల ముస్లిం ఆడపిల్లలున్నరు. అరబ్బు ఆడామె అంటే నడుము తిప్పేదేనని సినిమా నేర్పిన అబద్ధానికి డాక్టరమ్మ ముద్ర కూడ కావాల్నా?

మనకు లేకనా? బతుకమ్మ ఉన్నది. ఆదిలాబాద్ పోతే దండారి, గుస్సాడీ, మథుర లంబాడీల ఆటలున్నయి. రామప్ప గుడి మదనికలు 1213 సంది మన కండ్ల ముంగటనే ఉన్నరు.

చెల్లె: ఒక్కొక్కటి చూద్దాం. గుస్సాడీ మొగోళ్ళది. నెమలి ఈకల టోపీ పెట్టుకొని, ఒళ్ళంత బూడిద పూసుకున్నంక ఆ దీక్ష నడిచినన్నాళ్ళు వాళ్ళు మామూలు మనుషులు కారు, దేవుళ్ళు. దాన్ని నా హాబీ అని ఎత్తుకొస్తే గోండు పెద్దలకు నేనేం మొఖం చూపెట్టాలె?

అక్క: అది ఒప్పుకుంట. మార్లవాయి కనకరాజు దాన్ని ఢిల్లీ దాక తీసుకపోయిండు, 2021ల పద్మశ్రీ వచ్చింది, 2024ల ఆయన పోయినప్పుడు నాకు ఇంట్ల మనిషి పోయినంత బాధైంది. ఆయన తీసుకపోతే అది వాళ్ళది. మనం తీసుకపోతే దొంగతనం.

చెల్లె: రామప్ప పేరెత్తితే యాదికొచ్చే పేరిణి కూడ మొగోళ్ల వీరనాట్యమే. దాన్ని నటరాజ రామకృష్ణ మళ్ళ నిలబెట్టిండు, మంచిదే. దానికి ఆధారమైన పుస్తకం రాసిందెవరు? జాయప సేనాని. కాకతీయ గణపతిదేవుని గజసేనకు అధిపతి. ఏనుగుల లెక్కలు, యుద్ధాలు, కోటలు, ఆ కొలువు చేసుకుంటనే 1250ల కాలంల నృత్తరత్నావళి రాసిండు. ఎనిమిది అధ్యాయాల్ల సగం మార్గం, సగం దేశి. అంటే శాస్త్రం తోని పాటు జనం ఆడే ఆటలను కూడ సరిసమానంగ కూసోబెట్టిండు. ఏనుగుల సర్దారుకు నాట్యం తోని ఏం పని అని మన చరిత్రల ఎవరూ అడగలే. డాక్టరమ్మను అడుగుతున్నరు.

ఇగ మనది, పరాయిది అంటవా. రాజారెడ్డి, రాధారెడ్డి మన ఆదిలాబాద్ జిల్లా పల్లెల్ల పుట్టినోళ్ళు. వాళ్ళు పట్టుకున్నది కృష్ణా తీరం ఆట, కూచిపూడి. అక్కడ బ్రాహ్మణ భాగవతుల ఇండ్ల మొగపిల్లలు ఆడింది. ఆదిలాబాద్ రెడ్ల ఇంటి పిల్లలకు అది సొంతమా? 1976ల ఢిల్లీల నాట్య తరంగిణి పెట్టి, 1984ల పద్మశ్రీ, 2000ల పద్మభూషణ్ తెచ్చుకున్నంక ఇయ్యాల అది అందరిదైంది. నేర్చుకున్నోళ్ళదే ఆట.

అక్క: కృష్ణ నుంచి గోదావరికి అడుగు పడుడు వేరు. నైలు నుంచి మానేరుకు వచ్చేటప్పుడు నడుమల చికాగో ఉన్నది, హాలీవుడ్ ఉన్నది. అది నువ్వు దాటవేసినవు.

చెల్లె: దాటవెయ్య. నువ్వు చెప్పిన బదియా క్లబ్బులకెల్లే తహియా కరియోకా వచ్చింది. తెల్లోళ్ళు తూర్పును ఎట్ల బొమ్మ చేసిన్రో 1978ల ప్రపంచానికి విప్పి చెప్పిన ఎడ్వర్డ్ సయీద్ ఉన్నడే, ఆయనే 1990ల ఆమె మీద వ్యాసం రాసిండు, తన చిన్నతనంల కైరోల ఆమె ఆట చూసిన మురిపెం తోని. ఆమె రాజకీయాల వల్ల జైలుకు కూడ పోయింది. ఆ బొమ్మ లోపట ఒక మనిషి ఉన్నదని ఆయనకు తెలిసింది. 1959ల మహమూద్ రెడా బృందం మొదలైనప్పుడు ఫరీదా ఫహ్మీ అనే చదువుకున్న ఇంటి పిల్ల స్టేజి ఎక్కింది. వాళ్ళ నాయిన ప్రొఫెసర్, తనే వెనుక నిలబడ్డడు. ఒంటినిండ గలాబియ్యా తొడిగి ఆడిన్రు. కైరోల ఎగువ మధ్యతరగతి ఇండ్లు మెల్లమెల్లగ ఆ పిల్లను తమ పిల్ల అనుకున్నయి. నేను కట్టుకునేది కూడ గలాబియ్యానే. కాళ్ళ దాక ఉంటది, నడుముకు నాణేల పట్టీ.

అక్క: చూడు, నువ్వే నా మాట చెప్తున్నవు. రెడా బృందం ఏం చేసింది? క్లబ్బుల నాట్యానికి దూరంగ జరిగి, పల్లె ఆటకు బాలే ఒయ్యారం అద్ది, శుద్ధి చేసి తెచ్చింది. కళాక్షేత్రం సదిర్‌ను చేసినట్టే. ప్రొఫెసర్ బిడ్డ ఆడితే గౌరవం వచ్చింది, క్లబ్బు ఆడామెకు రాలే. అక్కడ ఇయ్యాల్టికీ పెండ్లిల నర్తకిని పిలుస్తరు, ఆమె తోని సంబంధం కలుపుకోరు. 2020ల అశ్లీలం పేరు మీద ఒక నర్తకికి మూడేండ్ల జైలు వేసిన్రు. నువ్వు కాళ్ళ దాక బట్ట కట్టుకున్నంక ఈ ఊర్ల వాళ్ళు ఏమంటరు? "మన డాక్టరమ్మ మంచిగ, పద్ధతిగ ఆడింది" అంటరు. ఆ మాట ఆ పిల్లకు ఇంకొంచెం కిందికి మెట్టు దించుతది. అది నీ తప్పని నేననను. కాని అట్ల అయితది.

చెల్లె: అయితే ఏం చెయ్యాలె? కడుపు చూపెట్టి ఆడితే తెల్లోని బొమ్మ. కప్పుకొని ఆడితే శుద్ధి. ఆడకుంటే మర్యాద. ఆడామెకు మూడు దిక్కులా గోడ కట్టినంక నాలుగో దిక్కు ఇల్లే మిగిలే.

అక్క: ఇంటి ముచ్చట నువ్వే తీసినవు కాబట్టి అడుగుత. ఆ గంట నీకు ఎవరిచ్చిన్రు?

చెల్లె: ఎవరూ ఇయ్యలే. నిద్రలకెల్లి తీసుకున్న.

అక్క: నిద్రలకెల్లి కొంత. మిగతాది అత్తమ్మ మోకాళ్లల్లకెల్లి, వంటామె పొద్దుల్లకెల్లి. ఆదివారం హైదరాబాద్ క్లాసుకు పోతే పోను రాను ఆరేడు గంటలు రాజీవ్ రహదారి మీదనే పోతయి. ఆ దినం పిల్లలకు అన్నం పెట్టింది ఎవరు? వంటామెకు కూడ రెండు కోతలే ఉంటయి, ఆమె కడుపు మీది కండరాలు కూడ విడిపోయే ఉంటయి. ఆమెకు షిమ్మీ ఎవరు నేర్పాలె?

చెల్లె: నిజం. వంటామె లేకుంటే నా ఆట లేదు. ఆమె లేకుంటే నా డాక్టర్ కొలువు కూడ లేదు, ఆ మాట ఎవరూ అడగరు. నాతోని చదువుకున్న డాక్టర్లు పొద్దుగాల షటిల్ ఆడుతరు, రాత్రి క్లబ్బుల కూసుంటరు. ఆ గంట ఎవరిచ్చిన్రని వాళ్లను ఏ చెల్లె అడిగింది, ఏ అక్క అడిగింది? ఆనందా శంకర్ జయంత్‌ను చూడు. రైల్వేల పెద్దాఫీసరుగ పని చేసింది, పక్కన భరతనాట్యం, కూచిపూడి. 2007ల పద్మశ్రీ. ఆ మరుసటేడు క్యాన్సర్ అని తెలిస్తే, కీమోల కూడ ఆట విడవలే. కొలువు, ఆట రెండూ నిండుగ చేయొచ్చు.

అక్క: ఆమె పేరు తీస్తవని నాకు తెలుసు. ఆమె చిన్నప్పటి సంది కళాక్షేత్రంల కూసొని నేర్చింది. అసొంటి ఒక్కామెను చూపెట్టి మామూలు ఆడోళ్ళందరినీ "నీకెందుకు చాతకాదు" అని కొట్టే కట్టె చేస్తరు. మొదలు నువ్వేమన్నవు? పొట్ట పీల్చుకోకని చెప్పిన మొదటి చోటు అన్నవు. ఇప్పుడు తారీఖు ఉన్నది, ప్రాక్టీసు లెక్క ఉన్నది, ఎవరో వీడియో తీస్తరు, ఎన్ని లైకులని పిల్లలు చూస్తరు. ఎంసెట్ రాసినవు, పీజీ రాసినవు, ఇది ఇంకో పరీక్ష. నీ ఒళ్ళు నీకు దక్కిన ఒక్క గంటను కూడ నలుగురికి మార్కులెయ్యుమని ఇస్తున్నవు. నాకు బాధైతున్నది అందుకు.

చెల్లె: ఈ మాట రాత్రిళ్ళు నేను కూడ అనుకున్న. స్టేజికి ఒప్పుకున్నప్పటి సంది అద్దంల పొట్టను చూసుకునుడు మల్ల మొదలైంది. అది దాచను.

అయితే ఒంటరిగ ఆడితే దొరకనిది ఒకటున్నది. ఎదురుగ మనుషులున్నప్పుడు పాట ఇంకో తీరుగ ఒంట్లెకు దిగుతది. బతుకమ్మ ఒక్కదానివే ఆడుకోరాదు గదా. తొమ్మిది దినాలు ఆడోళ్ళందరూ చప్పట్ల తాళానికి వంగి లేస్తుంటే వచ్చే ఊపు, వాకిట్ల ఒక్కదానివి తిరిగితే వస్తదా?

అక్క: రాదు. సరే, ఇగ నేను అసలు దానికి వస్త. నిన్నటిదాక చెప్పొద్దనుకున్న. మంథని అవతలి ఊరి నుంచో, జగిత్యాల నుంచో పదిహేడేండ్ల పిల్ల నీ దగ్గరికి వస్తది. నెల తప్పింది. తల్లి ఏడుస్తది, తండ్రి బయట నిలబడి ఉంటడు. ఎందుకు నీ దగ్గరికే వచ్చిన్రు? "ఆ మేడమ్ మంచిది, గుట్టుగ చూస్తది" అని ఎవరో చెప్పబట్టి. ఆ పేరు నువ్వు ఏండ్లకేండ్లు కష్టపడి తెచ్చుకున్నవు. అది నీదొక్కదానిదే కాదు, ఆ పిల్ల మీ గేటు దాక నడిచొచ్చిన బాట అది. వీడియో బయటికి పోతది. పాటను తీసేసి ఇంకేదో పాట పెడతరు, నడుము కాడ ఆపి ఆపి చూపెడతరు. ఆ తండ్రి ఫోనుకు కూడ వస్తది. అప్పుడు ఆయన బిడ్డను నీ దగ్గరికి తోలుకొస్తడా, ఊర్లె ఆర్‌ఎంపీ కాడికి తీసుకపోతడా? అక్కడ ఏమైతదో నాకు నువ్వు చెప్పాలె.

చెల్లె: ...రక్తం పోయినంక నా దగ్గరికే తెస్తరు.

అక్క: నీ స్వేచ్ఛకు ఆ పిల్ల ధర కట్టాల్నా?

చెల్లె: ఇంతసేపట్ల నువ్వన్న అన్నిట్లకన్న ఇది బరువైన మాట. దీన్ని పక్కకు నెట్టి పోలేను. ఒక్క పిల్ల అట్ల ఆగిపోయినా నా ఆట నాకు సయించదు.

కాని ఆ పిల్లను నేను ఇంకో దిక్కు నుంచి కూడ చూసిన. ఓపీల కూసొని నొప్పి ఎక్కడ అంటే ఆమె చూపెట్టదు. పేరు చెప్పరాదు, చెయ్యి పెట్టరాదు. తెల్లబట్ట అయితుందని చెప్పేటందుకు ఆరు నెలలు ఆగి వచ్చేటోళ్ళున్నరు. ముప్పై ఏండ్ల ఆడామె, గర్భసంచి తీసేసిన్రని కూడ తెల్వకుండ కుట్లు చూపెట్టి "ఏదో గడ్డ తీసిన్రట" అంటది. తన ఒంటి గురించి నోరు విప్పొద్దని వాళ్లకు ఇల్లు నేర్పింది, బడి నేర్పింది. డాక్టరు కూడ తన ఒంటిని దాసుకొని, గుట్టు గుట్టు అని మెచ్చుకుంట కూసుంటే, ఆ గుట్టే వాళ్లను ఆలస్యంగ తెస్తున్నది గదా. నేను ఆడిన్నని ఎవరో ఒకామె ధైర్యం తెచ్చుకొని ముందే వస్తదేమో. వస్తదని రుజువు లేదు. రాదని నీ దగ్గర కూడ లేదు.

అక్క: రుజువు లేనప్పుడు దెబ్బ తగిలేది ఎవరికో చూసుకొని అడుగు వెయ్యాలె.

చెల్లె: అందుకే ఒక మాట అనుకున్న. అందరి ముంగట వద్దు. ఆడోళ్లే ఉండాలె, ఫోన్లు బయట పెట్టాలె. మన ముస్లిం పెండ్లిళ్లల్ల ఢోలక్ పాటలు పాడుకుంట ఆడోళ్ళు ఆడోళ్ళే ఆడుకుంటరు గదా, చిన్నప్పుడు మనం పక్కింటికి ఉరికేది. ఈజిప్టుల కూడ ఇండ్లల్ల ఇది అట్లనే బతికింది. తల్లులు, అత్తలు, పిల్లలు, పెండ్లి ముందు రాత్రి నడుముకు దుపట్టా కట్టుకొని. ఆ పద్ధతిల అయితే చికాగో లేదు, వ్యాను లేదు, ఆ తండ్రి ఫోను లేదు.

అక్క: ఇది నాకు ఒప్పదు.

చెల్లె: నువ్వే గదా ఇంతసేపు వద్దన్నది!

అక్క: అందరి ముంగట వద్దని కారణాలు చెప్పిన. ఆడితే దాపరికం తోని ఆడుమనలే. తలుపులేసి, ఫోన్లు గుంజుకొని ఆడితే, చెయ్యరాని పని చేస్తున్నమని మనమే రాసిచ్చినట్టు. మొగోని చూపు చెడ్డదైతే మనం లోపటికి పోవాల్నా? ఈ మాట నేను ఎన్ని ఊర్లల్ల మీటింగులు పెట్టి చెప్పిన్నో. నేను ఆడొద్దంటున్న, లేకుంటే పట్టపగలు ఆడుమంటున్న. నడుమ దారి నాకు కనపడతలేదు.

చెల్లె: నాకు ఆ నడుమ దారే ఇష్టం. అది సిగ్గు తోని కాదు. ఆడోళ్ళ మధ్యల ఆడినప్పుడు పొట్ట పీల్చుకోవాలనిపించదు. నన్ను ఎవరూ కొనరు, మార్కులెయ్యరు, మెచ్చుకోని కాపాడాలని కూడ చూడరు. మొగోళ్ళు రాని గది అంటే చెర అనుకుంటున్నవు నువ్వు. లేబర్ రూము కూడ అసొంటి గదే. అక్కడ ఆడామె ఒర్లుతది, తిడుతది, ఎంత సిగ్గుపడే మనిషైనా ఒళ్ళు మరిచిపోతది. నాకు ఇష్టమైన చోటు అది.

అక్క: అయితే ఒక షరతు. ఆడోళ్ళకే అంటే ఏ ఆడోళ్ళు? డాక్టర్ల భార్యలు, బ్యాంకు మేడములు, లాయరమ్మలేనా? నాకు తెలిసిన ఆడోళ్ళున్నరు. ఎల్లమ్మకు ఇచ్చినోళ్ళు, బయటికొచ్చినోళ్ళు, ఇప్పుడు బీడీలు చేసుకుంట, కూలికి పోవుకుంట బిడ్డలను చదివిస్తున్నరు. వాళ్లను తోలుకొచ్చి ముందు వరుసల కూసోబెడత. మీ వంటామెను కూడ. వాళ్ళ ముంగట నువ్వు నడుముకు నాణేల పట్టీ కట్టుకొని ఆడగలవా?

చెల్లె: ...కాళ్ళు వణుకుతయి. కాని ఆడత. ఆడుకుంట వాళ్ళ మొఖం చూడగలుగుతన్నో లేదో తెల్వదు. వాళ్ళు వస్తరా?

అక్క: అది వాళ్లను అడగాలె. వాళ్లల్ల ఒకామె ఉన్నది, ఊర్ల డప్పు కొడితే ఇంట్లెకు పోయి తలుపేసుకుంటది. ఇంకొకామె మనుమరాలి పెండ్లిల ఎవరూ చూస్తలేరనుకొని రెండడుగులు వేసి, నన్ను చూసి ఆగిపోయింది.

చెల్లె: నిన్ను చూసి ఎందుకు ఆగింది?

అక్క: ఆడొద్దని చెప్పింది నేనే గదా.

చెల్లె: మరి ఆ దినం ఆమె లేచి వచ్చి, నేను కూడ ఆడత అంటే?

అక్క: ఆమె ఇష్టం తోని లేచిందో, డాక్టరమ్మ పిలిచింది కాబట్టి లేచిందో నాకు ఎట్ల తెలుస్తది? ఆమెకే ఎట్ల తెలుస్తది?

చెల్లె: నేను పిలువ. పాట పెట్టి పక్కకు జరుగుత.

అక్క: పాట నువ్వు పెట్టినంక పక్కకు జరిగినా గది నీదే. ముందు నేను ఆమె ఇంటికి పోయి అడుగుత, నువ్వు లేకుండ. ఆమె రాననంటే, ఎందుకు రానన్నదో విని నువ్వు తారీఖు సంగతి చెప్పాలె.

చెల్లె: వస్తనంటే?

అక్క: వస్తనంటే నేను కూడ మల్ల మొదటి నుంచి ఆలోచించుకోవాలె.